తెర అంచులో బిళ్ళలు

జనవరి 9

గడబిడకు,

మీ చిన్నన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. ఆయన పోయాక నిన్ను ఆ పేరుతో పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి. అందరూ క్షేమంగా ఉండాలని నాకు లేదు. నువ్వొక్కదానివి ఉంటే చాలు.

ఫోను చేద్దామంటే అది మీ పెద్దన్నయ్య నాణేల కొట్లో, ఆయన మోచేతి పక్కనే ఉంటుంది. నువ్వు హలో అంటే చాలు, ఆయన చెవి అటు సాగుతుంది. అందుకే ఉత్తరం. చదివి చించెయ్యి. చించుతావన్న నమ్మకం లేదనుకో, నువ్వు తిన్న మిఠాయి కాగితాలు కూడా దాచుకునే రకం.

మొన్న పేపర్లో బావగారి ఫోటో చూశాను. చేతిలో భూతద్దం, ముందు అద్దాల పెట్టె, పెట్టెలో ఎగిరే కొంగ ముద్ర ఉన్న రాగి నాణెం. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున కొట్లోనే వేలమట. పెట్టె మీద ఒక అట్టముక్క కూడా నిలబెట్టారు. "ఇలాంటిది ఇంకొకటి లేదు" అని దాని మీద రాసుంది. కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను.

నీకు గుర్తుందా ఈ మాట? ఇదే నాణెం, ఇదే నోరు. ఆ రోజు నాణేల సంఘంలో మీ చిన్నన్నయ్య దీన్ని జేబురుమాల్లోంచి తీసి మురిపెంగా చూపిస్తే, సంఘం కార్యదర్శిగారైన బావగారు ఏమన్నారు? "ఇలాంటిది ఇంకొకటి లేదు. కాబట్టి ఇది నకిలీ. ఇంత మెరుపు పాత నాణేనికి రాదు. గడియారాలు బాగుచేసే చెయ్యి కదా, ఇలాంటివి చేసుకోవడం ఎంతసేపు?" అన్నారు. సొంత అన్నే అన్నాక ఇంకెవరు కాదంటారు? సంఘంలోంచి పేరు కొట్టేశారు. నకిలీలు చేసేవాడికి గడియారం ఇస్తే లోపలి సామాను మార్చేస్తాడని జనం రావడం మానేశారు. పాపం, ఆయన పగలంతా దుకాణంలో కూర్చుని ఎవరూ తియ్యని తలుపు వైపు చూసేవారు. ఏడాది తిరక్కుండా పోయారు. జబ్బుకు డాక్టరు ఏదో పేరు చెప్పాడు. ఆ జబ్బు నాకు బావ వరస అవుతుందని నాకు తెలుసు.

ఆయన్ని సాగనంపిన వారానికే బావగారు వచ్చి, "తమ్ముడి గుర్తుగా ఆ నకిలీని నా దగ్గర ఉంచుకుంటానమ్మా" అన్నారు. కళ్ళు కూడా ఒత్తుకున్నారు. పిచ్చిదాన్ని, చేతిలో పెట్టి పంపాను. ఇప్పుడేమో తమ్ముడు చూపించింది దీనికి నకలని, ఇది తాను వేరేచోట కొన్న అసలుదని పేపరువాళ్ళకు చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ పనిలో ఒక హోటలు వాళ్ళ పాత తెరల అంచులు విప్పుతుంటే సీసం బిళ్ళలు రాలాయి. తెర గాలికి ఎగరకుండా తిన్నగా వేలాడాలని అంచులో బరువు పెట్టి కుట్టడం మాకు మామూలే. వాటిని ఏరుతూ ఏరుతూ ఆగిపోయాను. మీ పెద్దన్నయ్య కొట్టు తెరిచినప్పుడు ఆ ఆకుపచ్చ తెరలు కానుకగా కుట్టి ఇచ్చింది నేనే కదా. అప్పుడు సీసం దొరకలేదు. పాత సామాన్లవాడి దగ్గర మీ చిన్నన్నయ్య తూకానికి కొన్న రాగి ముక్కల సంచి ఒకటుంటే, అందులోంచి మాడిపోయినట్టున్న గుండ్రటి బిళ్ళలు ఏరి, "ఇవి ఎందుకూ పనికిరావు, నీ తెరలకు పెట్టుకో" అని ఇచ్చారు. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. కుట్టేశాను. చాలా కాలానికి అదే సంచి అడుగున మిగిలిన ఒక్క బిళ్ళను ఆయన ఊసుపోక తోమారు. కొంగ బయటపడింది. అప్పటికి తెరల్లోకి వెళ్ళినవి మా ఇద్దరికీ గుర్తే లేవు.

అర్థమైందా? కొట్లో ఒక చిన్న కిటికీ మూసేశాక దాని తెర మేడమీద నీ గదికి వచ్చింది కదా. దాని అంచు విప్పి చూడు. ఎవరితోనూ అనకు.

మీ వదిన

*

జనవరి 14

వదినకు,

లేచి నిలబడి నమస్కారం పెట్టానని అనుకో. కూర్చున్నాను కాబట్టి లేవను, ఒళ్ళో తెర ఉంది.

ఉన్నాయి వదినా! నా తెరలో రెండున్నాయి! బూజుపట్టిన కోటు గుండీల్లా నల్లగా ఉన్నాయి. మొదట ఏమీ కనపడలేదు. నేనేం తక్కువ తిన్నానా? గిన్నెలు తోమే పొడీ నిమ్మచెక్కా పట్టుకుని ఒకదాన్ని తోమాను, తోమాను, వేళ్ళు ఎర్రబడేదాకా తోమాను. కొంగ! రెక్కలు చాపుకుని! అద్దంలా మెరిసిపోతోంది. రెండోది రేపు తోముతాను, ఇవాళ్టికి చేతులు లేవడం లేదు.

కింద పెద్దన్నయ్య హడావుడి చూడాలి. సున్నాలు, రంగులు. నిన్న ఎవరో పెద్దమనిషి వస్తే నన్ను పిలిచి, "మా చెల్లెలు. బుర్ర లేదు కానీ దుమ్ము బాగా దులుపుతుంది" అని పరిచయం చేశాడు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను?

ఒక మాట చెప్పనా? రోజూ కొట్లో వింటూనే ఉంటాను, ఎంత అరుదైతే అంత విలువ అని. నువ్వు ఒక్కదాన్నే బయటపెట్టు. లోకంలో రెండే ఉంటాయి, ఒకటి ఆయనది, ఒకటి నీది. మిగతావి ఆ తెరల్లోనే పడుండనీ. నువ్వు ఆ కుట్టుపని మానేసి కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. నీ వెన్ను నొప్పి గుర్తొచ్చి చెబుతున్నాను.

నీ గడబిడ

*

జనవరి 18

గడబిడా,

రెండోది ముట్టుకోకు! ఇది అందేలోగా తోమేసి ఉంటే ఆ సంగతి నాకు రాయకు, తట్టుకోలేను.

నీకసలు బుర్ర ఉందా? నాణేల కొట్టు నెత్తిన కాపురముంటూ ఇంత మాత్రం తెలియదా? ఆ నలుపు మురికి కాదే తల్లీ, రాగికి ఏళ్ళ తరబడి పట్టిన చర్మం. తోమితే చర్మంతో పాటు కొంగ ఈకలూ పోతాయి. మీ చిన్నన్నయ్య చేసిన తప్పూ అదే, తర్వాత తెలుసుకుని తల బాదుకున్నారు. పాత నాణేలు కొనేవాళ్ళు మెరుపు చూసి మురిసిపోరు. ఎవరూ గీకని, రుద్దని ముఖం కోసం చూస్తారు. ఆ లెక్కన బావగారిది చెడిపోయిన నాణెమే. కానీ ఒక్కటే ఉంది కదా, దాని ఒంటి మీది లోపాలు ఎవరికీ కనపడవు. వంక పెట్టాలంటే పోల్చి చూడ్డానికి పక్కన ఇంకొకటి ఉండాలి. ఆయన తెరల్లో ఉన్నవి చెమట చెయ్యి తగలకుండా, ఎండ పడకుండా, నా కుట్టు కింద ఇన్నేళ్ళు నిద్రపోయాయి. వాటిని తెచ్చి పక్కన పెడితే అన్నిట్లోకీ నాసిరకం ఆయనదే.

ఇక ఒక్కటి అమ్ముకుని సుఖపడమంటావా? ఆయనకు జోడీగా నేను నిలబడాలా? నాకు రెండోది అక్కర్లేదు. ఆయనది గంపలో ఒకటి కావాలి. అన్నీ రాలాలి. ఆయన కొట్లో, ఆయన తెరల్లోంచి, ఆయన పిలుచుకున్న జనం ముందు. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న: ఇవి అసలువా, నకిలీవా? నకిలీవంటే ఆయన పెట్టెలోదీ నకిలీ, అమ్మలేరు. అసలువంటే మీ చిన్నన్నయ్య నకిలీ చేయలేదని ఆ నోటితోనే ఒప్పుకోవాలి, పైగా దాని విలువ గంగలో కలుస్తుంది. ఎటు తిరిగినా గోడే. ఈ ఆనందం కోసం నా వెన్ను ఇంకో ఇరవై ఏళ్ళు నొప్పి పెట్టినా పరవాలేదు.

అయినా ఒక్కటే బయటపెట్టమన్న ఆలోచన నీదేనా? లేక నీ చేత ఎవరైనా రాయించారా?

మీ వదిన

*

జనవరి 25

వదినగారికి,

రెండోది తోమలేదు.

నాకు బుర్ర లేదని పెద్దన్నయ్య రోజూ చెబుతూనే ఉంటాడు. మీరూ చెప్పారు కాబట్టి ఇక అనుమానం అక్కర్లేదు. నా చేత ఎవరూ ఏమీ రాయించలేదు. రాయించేటంత గొప్పదాన్ని అయితే మేడమీద ఎందుకుంటాను?

కొట్లో తెరలు నిన్న దించేశారు. వేలానికి కొత్త తెల్ల తెరలు వేస్తారట. మీకు తెలియాలి కాబట్టి తెలియజేశాను.

ఇట్లు,
దుమ్ము దులిపేది

*

జనవరి 30

తెరలు దించేశారట! అంత తాపీగా, వాన పడిందన్నట్టు రాశావు. దించి ఏం చేశారు? ఎవరికిచ్చారు? నువ్వెక్కడున్నావు అప్పుడు?

నాకు అర్థమైంది లే. ఎంతైనా ఆయన నీ తోడబుట్టినవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి, విధవరాలిగా వెళ్ళినదాన్ని. నా ఉత్తరాలు ఆయనకు చూపించావా? చూపించే ఉంటావు. ఇన్నేళ్ళు కదిలించని తెరలు నేను రాసిన రెండు వారాలకే దిగాయంటే నేను ఏమనుకోవాలి? మీ చిన్నన్నయ్య నిన్ను భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పారు. నీకు జ్వరమొస్తే దుకాణం మూసి నీ మంచం దగ్గర కూర్చున్నారు. ఆయన నకిలీలు చేసేవాడన్న మాట అలాగే నిలిచిపోయినా నీకు పట్టదన్నమాట.

ఇక నాకు ఉత్తరాలు రాయొద్దు. రాస్తే ఏం జరిగిందో మొత్తం రాయి.

*

ఫిబ్రవరి 5

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ కలిసి రాస్తున్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

తెరలు దించింది పెద్దన్నయ్య. పెరట్లో పడెయ్యమన్నది పెద్దన్నయ్య. వాటిని మోసుకొచ్చి నా మంచం కింద దాచి, మోకాళ్ళు దోక్కుకున్నది మాత్రం నేను. నువ్వు బుర్ర లేదన్నావని మూతి ముడుచుకుని ఆ సంగతి రాయలేదు. నువ్వు గాభరాపడాలనే రాయలేదు, చాలా? తర్వాత ఆయన దగ్గరికెళ్ళి, "తెల్ల తెరల వెలుగుకి రాగి పాలిపోయి కనపడుతుందన్నయ్యా, ఆ పాత ఆకుపచ్చ తెరలే పాత నాణేనికి అందం" అన్నాను. కాసేపు గడ్డం గోక్కుని, "నీకూ అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుందే" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. తెరలు మళ్ళీ వేలాడుతున్నాయి. ఉతకనివ్వలేదు. అంచు పొడవునా వేళ్ళతో తడిమి చూశాను, అన్నీ ఉన్నాయి.

ఇంకొకటి. నువ్వు తిట్టిపోసిన నా తోముడు సంగతి. అద్దాల పెట్టె తుడిచేటప్పుడు నా బిళ్ళను ఆయన నాణెం పక్కన పెట్టి చూశాను. అదే మెరుపు, అవే సన్న గీతలు. కవల పిల్లలు! మెరుపు ఎక్కువుంది కాబట్టి కొత్తగా చేసిందేనన్నాడు కదా ఆ రోజు? గిన్నెల పొడితో తోమితే ఏ పాత బిళ్ళయినా అలాగే మెరుస్తుందని నా బిళ్ళ చూపిస్తుంది. తోమనిది నల్లగా ఎలా ఉంటుందో రెండోది చూపిస్తుంది. ఇప్పుడు చెప్పు, ఎవరికి బుర్ర లేదు?

చిన్నన్నయ్య భుజం సంగతి నాకు గుర్తు చేయక్కర్లేదు. నువ్వు రాకముందు నుంచే ఆయన నా అన్న.

వేలం రోజు నువ్వొస్తే గుమ్మంలోనే ఆయనకు అనుమానం వస్తుంది. కాబట్టి నేనే చేస్తాను. కానీ ఒకటి ఆలోచించుకో. తెరలు నువ్వు కానుకగా ఇచ్చినవి. అంచుల్లో ఉన్నది కూడా ఆయనదే అవుతుంది. నీకు ఒక్క బిళ్ళయినా దక్కదు. ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఈ మేడమీద గది కూడా ఉండదు.

నీ గడబిడే

*

ఫిబ్రవరి 9

గడబిడా, నా తల్లీ,

తిట్టినందుకు నువ్వూ తిట్టావు, సరిపోయింది. ఉత్తరం చదివి మా పనిగదిలో పెద్దగా నవ్వాను. పక్క మిషను ఆవిడ నాకు పిచ్చెక్కిందనుకుంది.

ఆలోచించాను. అన్నీ ఆయనకే. ఇచ్చిన కానుక వెనక్కి లాక్కునే మనిషిని కాను. ఎన్ని ఎక్కువ దక్కితే నాకంత సంతోషం. ఒక్కో బిళ్ళ కింద పడిన కొద్దీ ఆయన పెట్టెలోది కాస్త కాస్త చవకవుతుంది. నా కానుక విలువ ఆయనకు ఇన్నాళ్ళకు తెలుస్తుంది.

దీనితో పాటు నా గుడ్డ కత్తెర పంపుతున్నాను. దాంతో కాగితాలు కత్తిరించావంటే ఊరుకోను, పదును పోతుంది. తెరకు లోపలి వైపు, ఎడమ మూల చిన్న ముడి ఉంటుంది. అది కత్తిరించి దారం కొస పట్టుకుని లాగు. గొలుసుకుట్టు వేశాను, అంచు మొత్తం ఒకే ఊపులో విడిపోతుంది. కుట్టేటప్పుడు ఎందుకో ఆ కుట్టే వేయాలనిపించింది.

గది సంగతి ఆలోచించకు. నా గదిలో ఇంకో మంచం పడుతుంది. పనిలో ఇంకో మిషను ఖాళీగా ఉంది.

వెనకాడితే ఆ తలుపు గుర్తు తెచ్చుకో. మీ చిన్నన్నయ్య చూస్తూ కూర్చున్న తలుపు.

మీ వదిన

*

ఫిబ్రవరి 21

వదినా,

అయింది. కూర్చుని మొదట్నుంచీ చెబుతాను, మధ్యలో ఆపకు.

కొట్టు కిటకిటలాడింది. సంఘం వాళ్ళంతా వచ్చారు, ఆ రోజు చిన్నన్నయ్య పేరు కొట్టేసినవాళ్ళే, తలలు నెరిసి, కొత్త చొక్కాలేసుకుని. ముందు వరుసలో నాణేలు పరీక్షించే పెద్దావిడ. పొరుగూరి నుంచి పిలిపించారు. నోట్లో మాట లేదు, కంట్లో మాత్రం భూతద్దం. పెద్దన్నయ్య పెట్టె మీద చెయ్యేసి, "దేశమంతా గాలించాను, ఇలాంటిది ఇంకొకటి లేదు" అని మొదలుపెట్టాడు. నేను ముక్కాలిపీట మీద ఎక్కి తెర సర్దుతున్నాను.

"అన్నయ్యా, తెరకు దారం వేలాడుతోంది, కత్తిరించనా?" అన్నాను.

"ఇప్పుడా? సరే, కానీ, తొందరగా ఏడువు" అన్నాడు.

అందరి ముందూ అనుమతి ఇచ్చాడు వదినా! ముడి కత్తిరించాను. తలుపు గుర్తొచ్చింది. లాగాను.

నీ కుట్టుకు దండం పెట్టాలి. ఠంగ్. ఆగి, ఇంకో ఠంగ్. తర్వాత లెక్కే లేదు. బిళ్ళలు రాలి, దొర్లి, కుర్చీల కిందకీ చెప్పుల కిందకీ వెళ్ళాయి. అందరూ వంగారు. పెద్దావిడ కాలి దగ్గర ఆగినదాన్ని ఆవిడే తీసుకుంది. వేలితో రుద్దలేదు, అంచు పట్టుకుని వెలుగుకు తిప్పింది.

"కొంగ" అంది.

పెద్దన్నయ్య ముందుకు దూకి, "నకిలీలు! ఇవన్నీ నా తమ్ముడు చేసినవి! వాడికి ఆ అలవాటుంది" అని అరిచాడు. పోయినవాణ్ణి ఇంకోసారి! అప్పటిదాకా నాకు ఏ మూలో జాలి ఉండేది వదినా, ఆ మాటతో పోయింది. పీట దిగలేదు, పైనుంచే అడిగాను. "ఈ తెరలు నువ్వు కొట్టు తెరిచినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాయి కదన్నయ్యా? చిన్నన్నయ్య చేసి ఉంటే అమ్ముకోకుండా నీ కిటికీకి ఎందుకు కుట్టిస్తాడు?"

పెద్దావిడ పెట్టెలో నాణేన్ని కూడా తెరిపించి, అన్నీ వరసగా పేర్చింది. కొంగ మెడ దగ్గర అన్నిటికీ ఒకటే సన్నటి పగులు ఉందట, అంటే వాటిని కొట్టిన అచ్చు ఒకటే. కానీ ఒకదానికి ముద్ర పక్కకు జరిగింది, ఒకదానికి అంచు చీలింది, ఏ రెండూ ఒక్కలా లేవు. "ఒకదాన్ని చూసి పోత పోస్తే లోపాలు కూడా ఒక్కలాగే వస్తాయి. ఇవి విడివిడిగా సుత్తితో కొట్టినవి" అంది. తర్వాత పెద్దన్నయ్య వైపు తిరిగింది. "అచ్చు ఒకటే కాబట్టి ఇవి నకిలీవైతే మీదీ నకిలీ. మీరే చెప్పండి. అసలువా, నకిలీవా?"

నేను నా రెండు బిళ్ళలూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. తోమింది ఆయనదాని పక్కన, తోమనిది విడిగా. "మెరుపు గిన్నెల పొడితో వచ్చిందండీ, నేనే తోమాను" అన్నాను. సంఘం వాళ్ళలో ఒకాయన తల దించుకున్నాడు. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

పెద్దన్నయ్య కొనడానికొచ్చినవాళ్ళ వైపు చూశాడు. నా వైపు చూశాడు. చివరికి "అసలువే" అన్నాడు.

"గట్టిగా చెప్పన్నయ్యా, వెనకవాళ్ళకు వినపడలేదు."

"అసలువే."

"చిన్నన్నయ్య చేశాడా?"

"చేయలేదు" అన్నాడు. "వాడు చేయలేదు."

ఆ తర్వాత వేలం ఏముంది? పెద్దావిడ, "వీటన్నిట్లో బాగా చెడిపోయింది మీ పెట్టెలోదేనండీ, ఎవరో బాగా తోమేశారు, ఈ పిల్ల తోమినదానితో సమానం" అని లేచింది. జనం చెప్పులు వెతుక్కున్నారు. సంఘం వాళ్ళు బయట చెట్టు కింద నిలబడి చిన్నన్నయ్య పేరు తలుచుకుంటున్నారు, ఇప్పుడు అందరికీ ఆయన ఎంత మంచివాడో గుర్తొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

పెద్దన్నయ్య నేల మీద కూర్చుని బిళ్ళలు ఏరుకుంటున్నాడు. నా రెండూ కూడా ఆ కుప్పలోనే వేసేశాను. అట్టముక్క తీసి చెత్తబుట్టలో పడేశాడు. నేను మిఠాయి కాగితాలు దాచుకునేదాన్ని కదా, ఊరుకుంటానా? ఈ కవర్లోనే పెట్టాను. చించుకుంటావో, కాల్చుకుంటావో నీ ఇష్టం.

బట్టలు సర్దుకున్నాను. కత్తెర నాతోనే తెస్తున్నాను, కాగితాలు కత్తిరించలేదు.

నీ గడబిడ

*

ఫిబ్రవరి 26

గడబిడా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. "గట్టిగా చెప్పన్నయ్యా" అన్న చోటు దగ్గర కాగితం అప్పుడే నలిగింది. ఆయన నేల మీద కూర్చుని ఏరుకున్నారన్న చోట నాకు జాలి కలుగుతుందేమోనని ఆగి చూసుకున్నాను. కలగలేదు. ఏరుకోనీ. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా ఏరుకోనీ. బరువుల్లేక ఆ తెరలు ఇక గాలికి ఎగురుతుంటాయి. కొత్తగా అంచులు కుట్టించుకోవాలంటే నా చిరునామా ఆయన దగ్గరే ఉంది.

మంచం వేయించాను. నీ మిఠాయి కాగితాలకు ఒక డబ్బా ఖాళీ చేశాను.

అట్టముక్క చించుదామనే తీశాను. పొయ్యి కూడా వెలిగించాను. చేతిలో పట్టుకుని చదివాను, "ఇలాంటిది ఇంకొకటి లేదు" అని. బావగారి చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదటిసారి ఆ మాటతో మీ చిన్నన్నయ్యను చంపారు. రెండోసారి ఆ మాటనే అమ్ముకోబోయారు.

పొయ్యి ఆర్పేశాను. గోడ మీద ఆయన ఫోటో ఉంది కదా, దుకాణంలో కంటికి అద్దం పెట్టుకుని గడియారంలోకి చూస్తున్నది. ఆ అట్టముక్కను ఫోటో కింద, చట్రానికి ఆనించి నిలబెట్టాను. సరిగ్గా పట్టింది. నువ్వొచ్చాక చూద్దువుగాని.

నీ వదిన